కొండ దాటిన చిన్న ఇంజను

రాజుల చరిత్ర వ్రాయబూనిన వారికి శాసనములు తోడ్పడును. కవుల కాలమును నిర్ణయింపబూనిన వారికి కృత్యాది పద్యములు తోడ్పడును. పసిపిల్లలకు చెప్పు కథయొక్క చరిత్ర తెలిసికొనవలెనన్న అట్టి ఆధారములు తరచుగా లభింపవు. కథ ఒకరి నోట పుట్టి మరియొకరి నోట పెరుగును. చెప్పిన అవ్వ తన పేరు చెప్పదు. విన్న మనుమడు అడుగడు. అయినను అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట కొన్ని కథలు తాము నడచిన దారిలో అక్కడక్కడ అడుగుజాడలను విడిచినవి. ఆ జాడలను పట్టుకొని వెనుకకు నడచినచో, కథలోని నీతి ఎట్లు పుట్టి ఎట్లు మారినదో కన్నులకు కట్టును. అమెరికాదేశమున 1930 లో వెలువడిన "ది లిటిల్ ఇంజన్ దట్ కుడ్" అను బొమ్మల పుస్తకము అట్టివానిలో ఒకటి. ఆ పేరును తెలుగున "చేయగలిగిన చిన్న ఇంజను" అని చెప్పుకొనవచ్చును.

పట్టుదలకు ఈ కథను ఉదాహరణముగా చూపుట ఆ దేశమున పరిపాటి. ఉపాధ్యాయులు, క్రీడాశిక్షకులు, రాజకీయ నాయకులు కూడ దీనిని ఎన్నోమారులు స్మరించినారు. కథలో పట్టుదల ఉన్నమాట నిజమే. కాని పాత పాఠములను తరువాతి పాఠముతో పోల్చి చూచినచో, దయ అను రెండవ గుణము అందులోనికి మెల్లమెల్లగా వచ్చి చేరినదనియు, తుదకు పట్టుదలకు అదియే మూలమైనదనియు తేలుచున్నది. ఆ సంగతినే ఇచ్చట మనవి చేయదలచినాను.

ముందుగా 1930 నాటి కథను చెప్పుకొందము. ఒక చిన్న రైలుబండి కొండకు ఆవలనున్న ఊరికి పోవుచున్నది. దాని పెట్టెలనిండ పిల్లలకు కావలసిన వస్తువులే. బొమ్మలు, ఆటవస్తువులు, చిత్రపటముల పుస్తకములు ఒకవైపు. నారింజలు, ఆపిలు పండ్లు, పాలు, పాలకూర, పిప్పరమెంటు బిళ్ళలు మరియొకవైపు. దారిలో ఇంజను చెడిపోయి బండి నిలిచిపోయినది. బండిలోనున్న కోణంగి బొమ్మ క్రిందికి దిగి, ఆ దారిన వచ్చు ఇంజనులను ఒక్కొక్కదానినే సాయమడుగ నారంభించినది. తళతళలాడు కొత్త ఇంజను వచ్చినది. అది గొప్ప ప్రయాణికులను, భోజనపు పెట్టెలను, పడకల పెట్టెలను లాగునదట. ఆటబొమ్మలను లాగుట దానికి నామోషి. తరువాత పెద్ద సరకుల ఇంజను వచ్చినది. అది పుస్తకములను, పత్రికలను అచ్చువేయు యంత్రములను మోసినదట; ఇంతటి చిన్న పనికి దానికి తీరిక లేదు. మూడవది తుప్పుపట్టిన ముసలి ఇంజను. అది అలసియున్నది, తనవల్ల కాదన్నది. చివరకు వచ్చినది చిన్న నీలిరంగు ఇంజను. స్టేషను ఆవరణలో పెట్టెలను ఇటునుండి అటు మార్చుటయే దాని నిత్యకృత్యము. కొండను అది ఏనాడును దాటి ఎరుగదు. అయినను బండిని తనకు తగిలించుకొని, తనకు చేతనగునని తనలో తాను పదేపదే చెప్పుకొనుచు, కొండనెక్కి ఆవలి ఊరికి చేరినది.

ఇంజను తనలో తాను చెప్పుకొన్న ఆ మాట ఆంగ్లమున నాలుగు పదములు. ఒక్కొక్క పదము ఒక్కొక్క ఉచ్చారణతో ముగియును. ఆవిరి ఇంజను బరువునెత్తుకొని బయలుదేరునపుడు విడుచు నాలుగు ఊపిరుల లయకు అది చక్కగా సరిపోవును. మొదట మెల్లగా, తరువాత వడిగా, కొండకొమ్మున మరల భారముగా ఆ నాలుగు పదములను చదువవచ్చును. చదువుచున్న తల్లి గొంతులోనే బండి నడచును. ఈ కథ ఇంతకాలము నిలుచుటకు ఆ లయ ఒక ముఖ్యకారణము. చెవికి పట్టిన మాటను పసివాడు మరువడుకదా.

ఇక జాడలు తీయుదము. ఇప్పటికి సులభముగా కానవచ్చు పాత ముద్రిత పాఠములలో ఒకటి 1906 వ సంవత్సరము ఏప్రిల్ 8 వ తేదీనాటి న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో ఉన్నది. అది పిల్లల కథగా వ్రాసినది కాదు. చార్లెస్ ఎస్. వింగ్ అను క్రైస్తవ బోధకుడు చేసిన ప్రసంగములో దృష్టాంతముగా వచ్చినది. ఆ సంవత్సరముననే ఆదివారపు బడి పిల్లల పత్రిక ఒకదానిలో "చేయగలమని తలంచుట" అను అర్థమిచ్చు శీర్షికతో క్లుప్తముగా మరల వచ్చినది. సంకల్పబలముచే మానవుడు దేనినైన సాధింపగలడను బోధలు ఆ కాలమున అమెరికాలో విరివిగా ప్రచారమందియుండెను. ఈ కథ ఆ బోధలకు అక్కరకు వచ్చినది.

1906 నాటి పాఠమును శ్రద్ధగా చూచినచో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, బండిలోని సరకు ఏమిటో చెప్పలేదు. అది ఉత్త సరకుల బండి. కొండకు ఆవల దానికొరకు ఎవరు ఎదురుచూచుచున్నారో కథకు అక్కరలేదు. రెండవది, పెద్ద ఇంజను సాయము నిరాకరించుటకు చెప్పిన కారణము బరువు. అంత భారమును తాను లాగలేనన్నది. కనుక అక్కడి ప్రశ్న శక్తికి సంబంధించినది మాత్రమే. పెద్దవి చాలనను పనిని చిన్నది చాలుననుకొన్నది, చేసినది, సంతోషించినది. కథ అంతే.

కథ పుట్టిన దేశమును కూడ ఒకమారు తలచుకొనవలెను. 1869 లో అమెరికా ఖండమును తూర్పునుండి పడమరకు కలుపు రైలుమార్గము పూర్తియైనది. 1916 నాటికి ఆ దేశపు రైలుమార్గముల నిడివి సుమారు 2,54,000 మైళ్ళకు చేరినది. అంతకుమించి అది మరెన్నడును పెరుగలేదు. ఊరూర స్టేషను, స్టేషను స్టేషనుకు పెట్టెలను మార్చు చిన్న ఇంజను ఉండెడివి. పిల్లవాడు కంచెమీద కూర్చుండి రోజంతయు చూడగలిగిన యంత్రమది. పెద్దబండ్లు మెరుపువలె వచ్చి పోవుచుండగా, ఆ చిన్న ఇంజను మాత్రము ఊరివారిలో ఒకరివలె అచ్చటనే తిరుగుచుండును. దానిని కథానాయకునిగా చేయుటలో వింతలేదు.

1910 లో మేరీ సి. జేకబ్స్ అను రచయిత్రి శిశువిద్యకు సంబంధించిన ఒక పత్రికలో "పోనీ ఇంజన్" అను పేర ఈ కథను ప్రకటించినది. 1916 లో అదే పేరుతో బోస్టన్ ఉపాధ్యాయిని మేబెల్ సి. బ్రాగ్ దానిని మరల చెప్పినది. కథను తానే కల్పించితినని ఆమె చెప్పుకొనలేదు. నలుగురి నోట విన్నదానిని పిల్లలకు తగినట్లు మరల చెప్పుట ఆనాటి ఉపాధ్యాయినులకు సహజమైన పని. ఇక 1920 లో షికాగో నగరమునుండి ఆలివ్ బ్యూప్రే మిల్లర్ అను విదుషి "మై బుక్ హౌస్" అను బాలగ్రంథమాలను వెలువరింప నారంభించినది. ప్రతినిధులు ఇంటింటికి పోయి తల్లులతో మాటలాడి ఆ పుస్తకములను విక్రయించెడివారు. ఈ కథకు నేటి పేరు మొట్టమొదట అందులోనే కానవచ్చుచున్నది. అంతకన్న ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. అందు బండిలో నున్నవి పర్వతమునకు ఆవలనున్న పిల్లలకు క్రిస్మస్ పండుగ బొమ్మలు.

చూడుడు, కథలో ఎంత మార్పు వచ్చినదో. సరకు బొమ్మలైనది. కొండకు ఆవల పిల్లలు పుట్టినారు. బండి నిలిచిపోయినచో నష్టపడువారు ఎవరో వినువారికి తెలిసినది. అంతవరకు చిన్న ఇంజను తన శక్తిని పరీక్షించుకొనుటకు కొండ నెక్కినది; ఇప్పుడు ఒకరికొరకు ఎక్కుచున్నది.

పదియేండ్లు గడచినవి. హంగరీదేశమున పుట్టి, చిన్నతనముననే కుటుంబముతో అమెరికాకు వలసవచ్చిన ఆర్నాల్డ్ మంక్ అనునతడు న్యూయార్కులో ప్లాట్ అండ్ మంక్ అను ప్రకటనసంస్థకు యజమాని. వాటీ పైపర్ అను కలము పేరుతో అతడు ఈ కథను తిరిగి వ్రాసి 1930 లో ప్రకటించినాడు. బొమ్మలు వేయుటకు లోయిస్ లెన్‌స్కీ అను చిత్రకారిణిని నియమించినాడు. ఆమె తరువాత 1946 లో బాలసాహిత్యమునకై ఇచ్చు న్యూబెరీ పతకమును స్వయముగా వ్రాసిన నవలకు పొందినది. మంక్ తన పుస్తకమున మేబెల్ బ్రాగ్ కథను ఆధారము చేసికొన్నట్లు ముద్రించి ఆమె ఋణమును ఒప్పుకొన్నాడు.

మంక్ చేసిన మార్పులు మూడు. క్రిస్మస్ పండుగను తొలగించినాడు. అందువలన కథ ఏ ఒక్క దినమునకో పరిమితముకాక ఏడాది పొడవున చెప్పుకొనదగినదైనది. బొమ్మలకు తోడుగా పాలు, పండ్లు, ఆకుకూర చేర్చినాడు. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కుప్పకూలిన పిమ్మట వెలువడిన పుస్తకమిది. 1933 నాటికి ఆ దేశమున పనిచేయగల నలుగురిలో ఒకరికి పనిలేదు. అట్టి రోజులలో ఆహారముతో నిండిన బండి పిల్లల ఊరికి చేరుట అను మాట చదివినవారి మనస్సులకు ఎట్లు తగిలియుండునో ఊహింపవచ్చును.

మూడవ మార్పు అన్నిటికన్న లోతైనది. 1906 లో పెద్ద ఇంజను లాగలేనన్నది. 1930 లో మొదటి రెండు ఇంజనులు లాగమన్నవి. వానికి శక్తి ఉన్నది. లేనిది దయ. ఒకటి తన అందమునకు, రెండవది తన ఘనతకు భంగమని తలచినవి. ముసలి ఇంజను మాట వేరు. అది నిజముగా అలసినది. ఈ మూడింటిని వేరువేరుగా చూపుటవలన, చేతకానితనమునకును మనసులేనితనమునకును గల భేదము పసివానికి కూడ తెలియును.

ఆ వెనుక నీలి ఇంజను నిర్ణయము వచ్చు వరుసను గమనింపుడు. మొదట అది తాను చిన్నదాననని, కొండ దాటి ఎరుగనని సంకోచించినది. అప్పుడు బొమ్మల కన్నులలో నీరు చూచినది. కొండకు ఆవల తిండికి, ఆటలకు దూరమై యుండబోవు పిల్లలను తలచుకొన్నది. ఆ తరువాతనే ప్రయత్నింతునన్నది. కన్నీరు ముందు, ఆత్మవిశ్వాసము తరువాత. తన బలమును లెక్కించుకొని అది బయలుదేరలేదు. ఎదుటివారి అవసరమును చూచి బయలుదేరి, బలమును దారిలో కూడదీసికొన్నది. పట్టుదల దయనుండి పుట్టినదని నేను మొదట చెప్పినది ఇందువలననే.

ఇది కేవలము కల్పన, చిన్న ఇంజను పెద్దబండిని కొండపైకి లాగుట సాధ్యమా అని యంత్రజ్ఞులు అడుగవచ్చును. ఒక టన్ను బరువును చదునైన పట్టాలపై మెల్లగా లాగుటకు కొద్ది కిలోగ్రాముల బలము చాలును. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున దారి పైకి లేచినచో, ఆ టన్నుకే మరి పది కిలోగ్రాముల బలము కావలెను. అనగా కంటికి ఆనని వాలు కూడ భారమును ఎన్నోరెట్లు చేయును. ప్రయాణికుల ఇంజనుకు పెద్ద చక్రములుండును, అవి వేగమునకు. దాని బరువులో కొంత భాగము శక్తి అందని చిన్న చక్రములపై ఉండును. స్టేషను ఆవరణలో పనిచేయు ఇంజనుకు చిన్న చక్రములు. బరువంతయు శక్తి అందు చక్రములపైననే ఉండుటచే అది పట్టాలను గట్టిగా పట్టుకొనును. మెల్లగా లాగు పనిలో అది తన పరిమాణమును మించిన సత్తువ చూపును. దాని బాయిలరు మాత్రము చిన్నది. దీర్ఘమైన ఎత్తునకు ఆవిరి చాలదు. అందుచే నిజమైన రైల్వేలలో బండిని రెండు భాగములుగా చేసి ఒక్కొక్కటిగా ఎక్కించుట, వెనుకనుండి మరియొక ఇంజనుతో నెట్టించుట వాడుకలోనికి వచ్చినవి. ముంబయినుండి హైదరాబాదుకు వచ్చు మన ప్రయాణికులకు కర్జత్ స్టేషనులో బండి వెనుక అదనపు ఇంజనులు తగిలించుట తెలిసిన విషయమే. అచ్చటి భోర్ ఘాటులో దారి 37 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచును. కొండదారిలో ఒక ఇంజనుకు మరియొకటి సాయపడుట కథలోనే కాదు, రైలు నడపువారి నిత్యజీవితములోను ఉన్నదే.

ఈ కథలో మరియొక విశేషము మన భాషలో చెప్పునపుడు మరుగుపడును. ఆంగ్లమూలమున చెడిపోయిన ఇంజను, సాయపడిన నీలి ఇంజను స్త్రీలు. కాదన్న ఇంజనులు పురుషులు. ఆంగ్లమున యంత్రమును స్త్రీగా చెప్పవలెనన్న వేరు సర్వనామము వాడవలెను. మన తెలుగున ఏకవచనమున ఆడుదానికిని వస్తువునకును క్రియ ఒక్కటే. బండి వచ్చినది, అమ్మాయి వచ్చినది అందుము. కనుక తెలుగు తల్లి ఈ కథ చెప్పినచో నీలి ఇంజను ఆడుదియా, యంత్రమా అను ప్రశ్నయే రాదు. ఏ మార్పును లేకుండ రెండును అగును. చిక్కంతయు కాదన్నవానితోనే. వానిని పురుషులుగా చెప్పవలెనన్న "వచ్చినాడు" అనవలసివచ్చును. విను పిల్లలు నవ్వుదురేమో, నవ్వినను తప్పులేదు.

1954 లో ఈ పుస్తకము జార్జి, డోరిస్ హౌమన్ దంపతుల కొత్త చిత్రములతో, కొద్దిగా సవరించిన వాక్యములతో మరల వెలువడినది. నేటి పెద్దలలో పలువురు చిన్ననాడు చూచినది ఆ కూర్పే. 2005 లో లోరెన్ లాంగ్ అను చిత్రకారుడు మరల చిత్రించినాడు. 1995 లో గాయని డాలీ పార్టన్, చదువనేరని తన తండ్రిని తలచుకొని, టెనెసీ రాష్ట్రమున తాను పుట్టిపెరిగిన సెవియర్ కౌంటీలో ఒక పుస్తకదాన సంస్థను స్థాపించినది. పుట్టిననాటినుండి ఐదేండ్లు నిండువరకు పిల్లలకు నెలకొక పుస్తకము ఉచితముగా టపాలో పంపుట ఆ సంస్థ పని. 2023 నాటికి అట్లు పంపిన పుస్తకముల సంఖ్య 20 కోట్లు దాటినది. అమెరికాలో ఆ శిశువుల చేతికందు మొదటి పుస్తకము ఈ చిన్న ఇంజను కథయే. పిల్లలకొరకు కొండ దాటిన బండి ఈనాడు నిజముగనే వారి గడపలకు చేరుచున్నది.

ఈ కథను ఆక్షేపించినవారును కలరు. 1974 లో షెల్ సిల్వర్‌స్టీన్ అను కవి తన బాలగీతముల సంపుటిలో ఇదే నీలి ఇంజనును కొండకొమ్మువరకు తీసికొనిపోయి, అక్కడనుండి జారి పగిలిపోయినట్లు వ్రాసినాడు. అనుకొన్నంతమాత్రమున పని కాదని అతని చమత్కారము. ఆ మాటను తోసివేయరాదు. చేయగలనని తలచినచో చాలునని పిల్లవానికి చెప్పినవారు, అతడు చేయలేకపోయిననాడు ఏమి చెప్పుదురు? సరిగా తలంపలేదు, లోపము నీదే అని చెప్పవలసివచ్చును. పరీక్ష తప్పిన పసివాని మీద అంతకన్న బరువైన రాయి లేదు. 1906 నాటి కథకు ఈ ఆక్షేపము తగులును. 1930 నాటి కథకు అంతగా తగులదు. ఏలయన, నీలి ఇంజను నడిదారిలో ఆగిపోయియున్నను, బొమ్మల కన్నీరు చూచి నిలిచినదను గొప్పతనము దానికి దక్కియే యుండును. అందముగల ఇంజనుకు, ఘనతగల ఇంజనుకు అది దక్కదు.

మన నీతిసాహిత్యము ఈ రెండు గుణములను చక్కగా ఎరుగును. ఏనుగు లక్ష్మణకవి తెలిగించిన భర్తృహరి సుభాషితములలో, విఘ్నమునకు వెరచి పని మొదలే పెట్టనివారిని, నడుమ విడుచువారిని, తుదిదాక విడువనివారిని వేరుచేసి చెప్పిన పద్యము మన బడిపిల్లలు తరతరములుగా కంఠస్థము చేయుచున్నదే. తన పనిని మానుకొని పరుల పని చేయువారే సత్పురుషులను భావము కూడ ఆ సుభాషితములలోనిదే. అవి రెండును వేరువేరు పద్యములు. మొదటిదానిని పిల్లలచేత పదిమారులు వల్లెవేయింతుము. రెండవదానిని ఒకమారు చదివించి ఊరకుందుము. వాల్మీకి రామాయణమున లేకున్నను, సేతువునకు ఇసుక మోసిన ఉడుతను మన జనులు కల్పించుకొన్నారు. ఆ ఉడుత మోసిన ఇసుక ఎంతయో ఎవరును కొలువలేదు. దాని పేరుమీద ఉడుతాభక్తి అను మాట మాత్రము భాషలో నిలిచినది. నీలి ఇంజనును ఆ ఉడుత సరసన నిలిపినచో దానికి గౌరవమే.

ఒకరి పేరు చెప్పి ఈ కథ వీరిదనుటకు వీలులేదు. బోధకుడు, ఉపాధ్యాయిని, సంపాదకురాలు, వలసవచ్చిన ప్రకాశకుడు, చిత్రకారులు తలా ఒక చేయి వేసి దీనిని కొండ దాటించినారు. చేతులు మారినకొలది కథ మెత్తబడినది. మొదట చెప్పినవారు శక్తిని మెచ్చుకొన్నారు. పిల్లల నడుమ కూర్చుండి చెప్పినవారు కొండకు ఆవల ఎదురుచూచు పిల్లలను చూచినారు. రాత్రివేళ పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఇట్టి కథ చెప్పువారు, ఇంజను కొండనెక్కు వేడుకకు త్వరపడక, బొమ్మల కన్నులలో నీరు నిలిచిన చోట ఒక క్షణము ఆగవలెను. ఎందుకు ఎక్కినదని పిల్లవాడు అక్కడ అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పిన పిమ్మట కొండ ఎంత ఎత్తయినను ఫరవాలేదు.